ఎముక దొరికిన చోటి నుంచి పేరు నిలిచేదాకా: డైనోసార్‌ను ఎలా గుర్తిస్తారు?

మన కొండల్లో డైనోసార్ ఎముకలు దొరుకుతాయా అని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పిల్లలు బడిలో అడుగుతూనే ఉంటారు. దొరకవు. ఆ జవాబు వినగానే పిల్లల ఉత్సాహం చప్పున చల్లారిపోతుంది. కానీ ఎందుకు దొరకవో వివరించగలిగిన పిల్లవాడికి ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. అందుకే ఈ మార్గదర్శిని మన ఊరి రాళ్ల దగ్గరే మొదలుపెడుతున్నాను. సైన్సు క్లబ్బులు నడిపే ఉపాధ్యాయులకు, భూవిజ్ఞానం చదవాలనుకునే ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు ఇది పనికొస్తుంది. ఉదాహరణలు వీలైనంతవరకు మన దేశానివే, అందులోనూ గోదావరి లోయవే తీసుకున్నాను. అమెరికా డైనోసార్ల పేర్లు పిల్లలకు కంఠతా వచ్చు. తెలుగు ఊళ్ల పేర్లు మోస్తున్న డైనోసార్లు ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఈ లోటు తీరాలన్నది నా కోరిక.

మొదటి మెట్టు: రాయిని చదవడం

ఏ ప్రాంతంలోనైనా తట్ట, పార పట్టకముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అక్కడి రాయి ఇసుక, బురద పేరుకుని గట్టిపడిన అవక్షేప శిలేనా? దాని వయసు డైనోసార్ల కాలానికి, అంటే సుమారు 23 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి మధ్యకాలానికి సరిపోతుందా? ఆ ఇసుక నేల మీదో, ఏటి ఒడ్డునో, చెరువులోనో పేరుకుందా, లేక నడిసముద్రంలోనా? డైనోసార్లు నేల మీద బతికిన జంతువులు కాబట్టి మూడో ప్రశ్న కూడా ముఖ్యమే. మూడింటికీ అనుకూలమైన జవాబు వస్తేనే వెతకడంలో అర్థం ఉంటుంది.

ఇప్పుడు మన కొండలను ఈ ప్రశ్నలతో పరీక్షిద్దాం. విజయనగరం చుట్టుపక్కల కొండ అంచున పడి ఉన్న రాతిముక్కను తీసుకుని భూతద్దం కింద పెట్టండి. తుప్పు రంగు పట్టిన రాతిలో ఎర్రని గింజలు మెరుస్తూ కనిపిస్తే అవి గార్నెట్లు. ఆ రాయి చాలామటుకు ఖోండలైట్ అయి ఉంటుంది. ఈ కొండల్లోని కోదులు అనే గిరిజనుల పేరు మీదుగానే 1902లో టి.ఎల్. వాకర్ ఈ రాయికి ఆ పేరు పెట్టాడు. ఇది కూడా ఒకప్పుడు బురదగా పేరుకున్నదే. కానీ తూర్పు కనుమలు రూపుదిద్దుకునే క్రమంలో, దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట, భూమి లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై పూర్తిగా మారిపోయింది. కొన్నిచోట్ల ఆ వేడి 900 డిగ్రీలు దాటింది. ఎముక అన్నది లోకంలో పుట్టకముందే ఈ రాయి ఉడికిపోయింది. టెక్కలి ప్రాంతపు గ్రానైట్ క్వారీలైనా, గరివిడి మాంగనీసు గనులైనా ఈ పాత శిలల సంగతే చెబుతాయి. నాగావళి, వంశధార ఒడ్డున ఉన్న ఒండ్రు మట్టి సంగతి దీనికి పూర్తిగా తిరగబడినది. అది మరీ కొత్తది. అందులో ఎముక దొరికితే అది ఆవుదో, గేదెదో, మహా అయితే కొన్ని వేల ఏళ్ల కిందటి అడవి జంతువుదో అవుతుంది.

ఇంకో మాట. మన వైపు గట్టి రాళ్లు ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి, నున్నగా గుండ్రంగా మిగులుతాయి. వాటిని చూసి గుడ్లు అనుకునేవారు ఉన్నారు. నిజమైన గుడ్డు పెంకు కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో గాలి రంధ్రాలు, స్ఫటికాల వరుసలు కనిపిస్తాయి. రాతిలో అవేవీ ఉండవు. అయితే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలోని పాడల్యా గ్రామస్థులు పొలాల్లో దొరికిన గుండ్రాళ్లను తరతరాలుగా కాకడ్ భైరవుడిగా కొలిచారు. అవి డైనోసార్ గుడ్లని నిపుణులు తేల్చిన సంగతి 2023 చివర్లో వార్తల్లోకి వచ్చింది. తేడా ఎక్కడుందంటే, ధార్‌లో ఉన్నవి లామెటా శిలలు. డైనోసార్ల చివరి దశలో పేరుకున్న అవక్షేపాలు అవి. గుండ్రాయి అక్కడా ఇక్కడా ఒకేలా కనిపించినా, కింద ఉన్న రాయిని బట్టే దానికి అర్థం వస్తుంది.

మరి మనకు దగ్గరలో ఏముంది? రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో దక్కన్ లావా పొరలు, వాటి మధ్య సముద్రపు గవ్వల పొరలు ఉన్నాయి. డైనోసార్లు అంతరించిన కాలపు సంగతులను పరిశోధించడానికి శాస్త్రజ్ఞులు అక్కడికి వస్తుంటారు. అవి సముద్రపు పొరలు, కాబట్టి డైనోసార్ ఎముకల కోసం అక్కడా వెతకరు. అసలు నిధి ఉన్నది ప్రాణహిత–గోదావరి లోయలో. అక్కడ మలేరి, ధర్మారం, కోట అని పిలిచే శిలా సమూహాల్లో డైనోసార్ల యుగపు తొలి, నడిమి దశలైన ట్రయాసిక్, జురాసిక్ కాలాల నేల జంతువుల అవశేషాలు ఉన్నాయి. ఏ మండలంలో ఏ రాయి ఉందో చూడటానికి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ నడిపే భూకోశ్ అనే వెబ్‌సైటులో పటాలు ఉచితంగా దొరుకుతాయి. తమ మండలం పటాన్ని తెరిచి, రంగులను బట్టి శిలలను గుర్తించే పనిని విద్యార్థులకు తప్పకుండా ఇవ్వండి.

రెండో మెట్టు: నడుస్తూ వెతకడం

శిలాజాల వేట అంటే తవ్వకం అనుకుంటారు. చాలామటుకు అది నడక. వాన కోసిన గెడ్డలు, రోడ్డు కోతలు, క్వారీ గోడలు, పచ్చిక లేని వాలు నేలలు, ఇవీ వెతికే చోట్లు. వాలు కింద ఎముక ముక్క కనిపిస్తే దాని వెంట పైకి వెళ్లాలి. ముక్కలు ఏ ఎత్తు దగ్గర ఆగిపోతాయో, సరిగ్గా అక్కడి పొర నుంచే అవి రాలుతున్నాయన్నమాట.

ఎముకా రాయా అన్నది తేల్చడానికి విరిగిన అంచును భూతద్దంతో చూడండి. బయట గట్టి పొర, లోపల స్పంజులాంటి చిన్న చిన్న గదులు ఉంటే ఎముకే కావచ్చు. శిలాజ ఎముకకు నాలుక కొన తాకిస్తే అతుక్కుంటుందని క్షేత్రంలో పనిచేసేవాళ్లు చెబుతారు. సన్నని రంధ్రాలు తడిని పీల్చుకోవడం వల్ల అలా జరుగుతుంది. కొన్ని బంకమట్టి రాళ్లూ అలాగే అతుక్కుంటాయి కాబట్టి ఇది సూచనే తప్ప రుజువు కాదు. పిల్లలతో చేయించకండి, భూతద్దం చాలు.

కనబడిన వెంటనే చేతికి తీసుకోవడమే అన్నిటికంటే పెద్ద నష్టం. పొరలో నుంచి ఊడదీసిన ఎముక తన వయసును, పక్కనున్న ఎముకలతో సంబంధాన్ని, తాను పడి ఉన్న తీరును అక్కడే వదిలేసి వస్తుంది. ఆ తర్వాత ఎంత గొప్ప నిపుణుడికి చూపించినా ఆ సమాచారం తిరిగి రాదు. పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒక ఫోటో, చుట్టూ ఉన్న వాలు కనిపించేలా దూరం నుంచి ఇంకో ఫోటో తీయండి. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయండి. ఏ పొరలో ఉందో, పైన కింద ఏ రంగు రాళ్లు ఉన్నాయో పుస్తకంలో బొమ్మ గీయండి. తర్వాత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకో, దగ్గరి విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకో తెలియజేయండి. విజయనగరం, శ్రీకాకుళం వారికి విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర. తవ్వకం అనుమతులున్న నిపుణుల పని.

మూడో మెట్టు: తవ్వి తీయడం

గోదావరి లోయలో జరిగిన రెండు తవ్వకాలను చూద్దాం. గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ ఆహ్వానం మీద బ్రిటన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూవిజ్ఞాన విభాగానికి పునాది వేశారు. ఆ సంస్థ బృందాలు మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచ తాలూకాలో, పోచంపల్లి గ్రామం దగ్గర కోట శిలల్లో తవ్వాయి. 276 చదరపు మీటర్ల మేరలో దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, బయటపడ్డాయి. పక్కనే రాయిగా మారిన పెద్ద చెట్ల మానులు కూడా ఉన్నాయి. రెండోది భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర చేసిన తవ్వకం. అక్కడ 840 దాకా అస్థి భాగాలు దొరికాయి.

ఇన్ని జంతువుల ఎముకలు కలగాపులగంగా పడి ఉన్నప్పుడు ఏది ఎవరిదో తెలిసేది ఎలా? అందుకే నేలను దారాలతో మీటరు గళ్లుగా విభజించి, ప్రతి ఎముకనూ అది ఉన్న గడిలో, అది చూస్తున్న దిక్కుతో సహా పటం గీస్తారు. పొడవైన ఎముకలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటే అక్కడ ఏరు పారిందని అర్థం. ఎముకలు కీళ్ల దగ్గర ఇంకా అమరి ఉంటే జంతువు చనిపోయిన చోటే పూడిపోయిందని అర్థం.

ఎముకను బయటికి తీసే పద్ధతి మన చేతులకు అందేదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మొదట ఎముక పైభాగాన్ని కుంచెతో, సన్నని సూదులతో శుభ్రం చేస్తారు. పగుళ్లలోకి పలుచని జిగురు ద్రావణం ఇంకిస్తారు. చుట్టూ కందకంలా తవ్వి, ఎముకను దాని కింది మట్టితో సహా దిమ్మె మీద నిలబెడతారు. తడిపిన పలుచని కాగితం పొరలు పైన అద్దుతారు. ప్లాస్టర్ నేరుగా ఎముకకు అంటుకోకుండా కాపాడేది ఈ కాగితమే. ఆ తర్వాత గోనెపట్టా పేలికలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రావణంలో ముంచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా చుడతారు. విరిగిన కాలికి ఆసుపత్రిలో వేసే కట్టు కూడా ఈ పొడితోనే వేస్తారు. గోనెపట్టా నారలో ఉన్న సందుల్లోకి ప్లాస్టర్ చొచ్చుకుపోవడం వల్ల కట్టు పగలదు. నెల్లిమర్ల జూట్ మిల్లు తెలిసిన మన జిల్లావాళ్లకు జనపనార బలం గురించి వేరే చెప్పనక్కరలేదు. కట్టు ఆరాక కింది నుంచి దిమ్మెను కోసి, ఒక్క ఊపున తిరగేసి, రెండో వైపు కూడా కట్టేస్తారు. కట్టు మీదే సంఖ్య, తేదీ, ఉత్తర దిక్కు బాణం గుర్తు రాస్తారు.

ఈ కట్టు సకాలంలో పడకపోతే ఏమవుతుందో తమిళనాడులోని కల్లమేడు చెబుతుంది. అక్కడ దొరికిన బృహత్కాయోసారస్ పిక్క ఎముక ఏకంగా రెండు మీటర్ల పొడవని 1980ల చివర్లో ప్రకటించారు. లోకంలోని అతిపెద్ద నేల జంతువుల్లో ఒకటి కావలసింది. పెళుసుబారిన ఆ ఎముకలు భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చేరకముందే చిట్లిపోయి నాశనమయ్యాయి. మిగిలినవి కొన్ని బొమ్మలు, అస్పష్టమైన ఫోటోలు. మొదట దాన్ని మాంసాహారి అన్నారు, తర్వాత పొడవు మెడ శాకాహారి అన్నారు, చెట్టు మాను కావచ్చన్న అనుమానమూ వచ్చింది. తిరిగి చూడటానికి ఎముక లేదు కాబట్టి వాదన ఎప్పటికీ తెగదు. మన దేశపు శిలాజ చరిత్రలో నన్ను ఇంతగా బాధపెట్టే ఘట్టం మరొకటి లేదు.

ప్రయోగశాలలో కట్టు విప్పి రాతిని తొలగించే పని గాలి పీడనంతో నడిచే సన్నని ఉలులతో, సూదులతో సాగుతుంది. సున్నపు రాయి అయితే పలుచని ఎసిటిక్ ఆమ్లం వాడతారు. తవ్వకం కంటే ఈ పనికే తరచూ ఎక్కువ కాలం పడుతుంది.

నాలుగో మెట్టు: వయసు తేల్చడం

అవక్షేప శిల వయసును నేరుగా కొలవడం కష్టం. పొరల మధ్య అగ్నిపర్వత బూడిద ఉంటే అందులోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి లెక్కగడతారు. బూడిద లేనిచోట తోటి జంతువుల సాయం తీసుకోవాలి. మలేరి పొరల్లో హైపరోడపెడాన్ అనే, పక్షి ముక్కులాంటి మూతి ఉన్న సరీసృపం ఎముకలు ఉన్నాయి. ఇదే జంతువు అర్జెంటీనాలోని ఇస్చిగ్వాలాస్టో పొరల్లో కూడా ఉంది. అక్కడ బూడిద ఉంది, దాని వయసు సుమారు 23.1 కోట్ల ఏళ్లు. ఆ ఆధారంతో మలేరి దిగువ పొరలూ దాదాపు ఆ కాలానివేనని నిర్ణయించారు. ఖండాలు అప్పట్లో కలిసే ఉండటం వల్లనే గోదావరి ఒడ్డు జంతువు అర్జెంటీనాలో తిరిగింది.

ఐదో మెట్టు: ఇది డైనోసారేనా?

పెద్ద ఎముకలన్నీ డైనోసార్‌వి కావు. అదే కాలంలో మొసలి బంధువులు, సముద్ర సరీసృపాలు, ఎగిరే సరీసృపాలు ఉన్నాయి. నిర్ణయించేది పరిమాణం కాదు, కీళ్ల నిర్మాణం. ముందు తుంటి చూడాలి. తొడ ఎముక తల కూర్చునే గుంట మనిషికి గిన్నెలా అడుగు మూసుకుని ఉంటుంది. డైనోసార్లకు ఆ గుంటలో ఆరపార చిల్లు ఉంటుంది. ఆ తొడ ఎముక తల పక్కకు వంగి ఆ చిల్లులో ఇమిడేది. కాళ్లు మొసలిలా పక్కలకు చాచకుండా ఒంటి కిందికి నిటారుగా నిలిచేది ఇందువల్లనే. భుజపు ఎముక మీద కండరాలు అంటుకునే పొడవైన గట్టు కూడా ఒక గుర్తు.

ఆరో మెట్టు: పేరు పెట్టడం

కొత్త జాతి అని చెప్పాలంటే ఇంతవరకు తెలిసిన ఏ జాతిలోనూ లేని లక్షణమో, లక్షణాల కలయికో చూపాలి. ఇందుకు శాస్త్రజ్ఞులు ఇతర దేశాల మ్యూజియాలకు వెళ్లి ఎముక పక్కన ఎముక పెట్టి పోల్చుకుంటారు. ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. పోచంపల్లి ఎముకలు 1961 నాటికే బయటపడ్డా, బారాపాసారస్ టాగోరై అన్న పేరు ప్రచురితమైంది 1975లో. గుజరాత్‌లోని రాజాసారస్ నర్మదెన్సిస్ ఎముకలు 1980ల తొలినాళ్లలో దొరికితే పేరు 2003లో వచ్చింది.

పేర్ల నియమాలను అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం నిర్దేశిస్తుంది. పేరులో రెండు భాగాలు, మొదటిది ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, రెండోది జాతి. లాటిన్ లిపిలో ఉండాలి గానీ మూలం ఏ భాషదైనా కావచ్చు. పోచంపల్లిలో 1.7 మీటర్ల తొడ ఎముక కనబడగానే బృందం దాన్ని బెంగాలీలో పెద్ద కాలు అని పిలిచింది. ఆ ముద్దుపేరే ప్రజాతి పేరైంది. 1961 రవీంద్రుడి శతజయంతి ఏడాది, అందుకే టాగోరై. ఊరి పేరు పెడితే చివర ఎన్సిస్ చేరుస్తారు. అలా 1988లో పి. యాదగిరి పెట్టిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ పేరులో రెండు ఊళ్లు ఉన్నాయి. నంబాలియా, జక్లాపల్లిసారస్, లాంప్లుసారా ధర్మారమెన్సిస్ కూడా ఆ లోయవే. చివరిదాని మొదటి భాగం పమేలా లాంప్లు రాబిన్సన్ గౌరవార్థం పెట్టినది. 2025లో మలేరిరాప్టర్ కుట్టియై అనే మాంసాహారి కూడా ఈ వరుసలో చేరింది.

పేరు చెల్లాలంటే ఇంకో షరతు ఉంది. ఆ పేరు ఏ ఎముకకు చెందుతుందో ఒక నమూనాను చూపించి, దాన్ని అందరూ పరిశీలించగల సంస్థలో భద్రపరచాలి. దీన్ని హోలోటైప్ అంటారు. ఇది ఉంటేనే రేపు ఎవరైనా వచ్చి మీరు చెప్పింది నిజమా అని పరీక్షించగలరు. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్న నియమమూ ఉంది. 1987లో శంకర్ చటర్జీ మలేరి పొరల నుంచి దొరికిన చిన్న డైనోసార్‌కు వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే నీటిలో బతికే ఒక చిన్న జీవికి ఉందని తేలడంతో 1994లో దాన్ని ఆల్వాకేరియాగా మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో చిక్కు బయటపడింది. ఆ నమూనాలోని ఎముకలన్నీ ఒకే జంతువువి కావని, ఒకటి కంటే ఎక్కువ సరీసృపాలవి కలిసిపోయాయని పరిశీలకులు చూపారు.

ఏడో మెట్టు: వంశవృక్షంలో చోటు

రిచర్డ్ ఓవెన్ 1842లో డైనోసార్ అనే గుంపును ప్రతిపాదించాడు. హ్యారీ సీలీ 1887లో వాటిని తుంటి ఎముకల అమరిక బట్టి రెండుగా విడదీశాడు. తుంటిలోని ఒక ఎముక ముందుకు చూస్తే బల్లి తుంటివి, వెనక్కి వాలితే పక్షి తుంటివి. విశేషమేమిటంటే పక్షులు పుట్టింది బల్లి తుంటి డైనోసార్ల నుంచే. ఆ ఎముక వెనక్కి వాలడం వేర్వేరు వంశాల్లో విడివిడిగా జరిగింది. పైకి కనిపించే ఒక్క పోలికను నమ్ముకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అందుకే ఇప్పుడు పట్టిక వేస్తారు. అడ్డ వరుసల్లో జంతువులు, నిలువు వరుసల్లో వందల లక్షణాలు. లక్షణం ఉంటే 1, లేకపోతే 0, ఆ ఎముకే దొరకకపోతే ప్రశ్నార్థకం. అతి తక్కువ మార్పులతో ఈ పట్టిక మొత్తాన్ని వివరించగల వంశవృక్షాన్ని కంప్యూటర్ వెతుకుతుంది. కోటసారస్ ఈ పట్టికలో సారోపాడ్లు అనే భారీ పొడవు మెడ శాకాహారుల గుంపు సరిహద్దు దగ్గర నిలుస్తుంది. పొడవు మెడ శాకాహారులు నాలుగు కాళ్ల మీద నడిచే భారీ జీవులుగా మారుతున్న దశ అది. కొందరు దాన్ని గీతకు లోపల పెడతారు, కొందరు సరిగ్గా బయట పెడతారు.

పట్టికలో ప్రశ్నార్థకాలు ఎక్కువైతే పేరు నిలవదు. రిచర్డ్ లైడెక్కర్ 1877లో జబల్‌పూర్ నుంచి వచ్చిన కొద్దిపాటి ఎముకల మీద టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. తోక పూసలు ముందు గుంటగా, వెనక గుండ్రంగా ఉండటమే అతను చూపిన ప్రత్యేకత. తర్వాతి శతాబ్దంలో అలాంటి పూసలు ఎన్నో జాతుల్లో కనిపించాయి. 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ అప్‌చర్చ్ ఆ పేరు చెల్లదని తేల్చారు. అదే అధ్యయనంలో, చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లో దొరికిన ఇంకో జాతిని టైటానోసారస్ నుంచి విడదీసి ఐసిసారస్ అన్నారు. తవ్విన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరులోని తొలి అక్షరాలే అందులో ఉన్నాయి.

ఇవన్నీ కళ్లారా చూడాలంటే విద్యార్థులను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి. కోటసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది. ముందు తుంటి దగ్గర ఆగి, గుంటలో చిల్లును వెతకమనండి. ఆ తర్వాత కాళ్లు ఒంటికి నిటారుగా ఎలా అమరాయో బొమ్మ గీయించండి. చివర తల దగ్గరకు తీసుకెళ్లండి. ఈ జంతువు పుర్రె ఇంతవరకు దొరకలేదు, దొరికినవి పళ్లే. మరి ఆ తలను దేన్ని చూసి తయారుచేశారో, అస్థిపంజరంలో అసలు ఎముకలు ఏవో, కృత్రిమంగా చేర్చిన భాగాలు ఏవో అక్కడివారిని పిల్లలే అడిగి రాసుకోవాలి.